'అతి మితవాదం' ఏమిటండీ? ఫాసిజం ఏ పక్షం?

ప్రశ్న: ఇటలీ వార్తలో 'అతి మితవాద పార్టీ' అని చదివాను. అతి, మితం ఒకే మాటలో ఎలా ఇమిడాయో అర్థం కాలేదు. పైగా ఫాసిజం పెట్టిన ఇటలీ నియంత ముస్సోలినీ మొదట సోషలిస్టే కాబట్టి ఫాసిజం లెఫ్టే అని మా ఆఫీసులో ఒకాయన వాదన. మాస్టారూ, మీరేమంటారు?

జవాబు: 'మితవాది' కాంగ్రెస్ రోజుల మాటండీ. 1907 సూరత్ చీలికలో గోఖలే వర్గం మితవాదులు, తిలక్ వర్గం అతివాదులు. అది స్వరాజ్యం ఎంత గట్టిగా అడగాలన్న తగువు. మన పత్రికలు ఆ మాటనే రైట్‌కీ అంటగట్టాయి. తీవ్రమైన రైట్ గురించి రాయాల్సి వచ్చేసరికి ముందు 'అతి' తగిలించి నవ్వులపాలయ్యాయి.

కుడి, ఎడమ అసలు సభలో కూర్చునే చోట్లు. 1789లో ఫ్రాన్స్‌లో రాజుకు వీటో ఉండాలన్నవాళ్లు అధ్యక్షుడి కుడివైపు, ఒప్పుకోనివాళ్లు ఎడమవైపు చేరారు. 1921లో ఇటలీ పార్లమెంటుకు ఎన్నికైన ముస్సోలినీ కూర్చున్నది కుడివైపు చివరి బెంచీల్లో. తొలి ప్రసంగంలో ఆ సంగతి తనే చెప్పుకున్నాడు కూడా!

ఇంకొకరు: మరి ఫాసిస్టుల 1919 ప్రణాళికలో ఎనిమిది గంటల పనిదినం, ఆడవాళ్లకు ఓటు, పెట్టుబడి మీద పన్ను ఉన్నాయిగా?

జవాబు: ఉన్నాయి. అంతెందుకు, 1890ల్లో సిసిలీలో భూస్వాముల మీద తిరగబడ్డ రైతుకూలీల సంఘాల పేరే 'ఫాషీ', అంటే కట్టలు. ఫాసిజం అన్న పేరుకు లెఫ్ట్ చుట్టరికం ఉంది, కాదనను. కానీ ఆ ప్రణాళికతో 1919 ఎన్నికల్లో ఒక్క సీటూ రాలేదు. ఉద్యమం బలిసింది ఆ తర్వాత, 1920-21లో, ఉత్తర ఇటలీలోని పో నది లోయలో. భూస్వాముల డబ్బుతో ఫాసిస్టుల నల్లచొక్కాల దండులు సోషలిస్టు ఆఫీసులు, కూలీ సంఘాల భవనాలు తగలబెట్టాయి. గద్దెనెక్కాక 1923లో జీవిత బీమాలో ప్రభుత్వ గుత్తాధిపత్యం తీసేశారు, 1926లో సమ్మెలు నిషేధించారు. కమ్యూనిస్టు నాయకుడు గ్రాంషీని జైల్లో పెట్టిందీ ఆ ఏడాదే. 1933లో బ్యాంకులు మునుగుతుంటే ప్రభుత్వం వాటి వాటాలు తీసుకున్న మాట నిజం. ఆ ఆఫీసాయన దీన్నే పట్టుకుని ఉంటారు. ప్రభుత్వం చేతిలో కంపెనీలుంటే చాలు లెఫ్ట్ అనేస్తే, కూలీ సంఘాన్ని తగలబెట్టినవాణ్ణీ అందులోనే నిలబెట్టాలి. నాకు మింగుడుపడదు.

ప్రశ్న అడిగినవారు: సరే, అనువాదంలో ఏం రాయమంటారు? 'వామపక్షం'కి జోడీగా 'దక్షిణపక్షం' బాగుంటుందా?

జవాబు: వ్యాకరణానికి బాగుంటుంది. చదివేవాళ్లు తమిళనాడు పార్టీ అనుకుంటారు. నేను 'తీవ్ర కుడిపక్షం' అని రాస్తున్నాను.