ట్రైనింగ్ బాండ్ 2 లక్షలు కట్టమని అనంతపురం ఇంటికి లాయర్ నోటీసు

ప్రశ్న:
మా తమ్ముడు బెంగళూరు కంపెనీలో 2 ఏళ్ల బాండ్ రాసిచ్చి చేరినాడు. 14 నెలలకు నోటీస్ పీరియడ్ పూర్తిచేసే మానేసినాడు. ఇప్పుడు ట్రైనింగ్ ఖర్చు 2 లక్షలు 15 రోజుల్లో కట్టాలంటున్నారు. ట్రైనింగ్ అంటే 6 వారాలు వాళ్ల సీనియర్లు చెప్పిన క్లాసులే. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు, జేఎన్‌టీయూ ఒరిజినల్ డిగ్రీ వాళ్ల దగ్గరే ఉన్నాయి. కట్టాల్సిందేనా అన్నా?

జవాబు 1:
బాండ్లు చెల్లవని చెప్పేవాళ్లను నమ్మొద్దు. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో 3 ఏళ్లు, 2 లక్షల బాండును సుప్రీంకోర్టు సమర్థించింది. అయితే అది ప్రభుత్వ రంగ బ్యాంకు, నియామకానికయ్యే ఖర్చు వేరు. మీ విషయంలో అసలు పట్టు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74. బాండులో రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారం. కాబట్టి ఖర్చు లెక్క అడగండి: బయటి ట్రైనర్ బిల్లులు, కోర్సు ఫీజు, పరీక్ష ఫీజు. సొంత సీనియర్లు చెప్పిన క్లాసులకు 2 లక్షలు చూపడం కష్టం. నిజంగా అంత అయిందనుకున్నా 24 నెలల్లో మిగిలింది 10. అంటే 83,333. బేరం అక్కణ్నుంచి కిందికి.

జవాబు 2:
లెక్క సరే గానీ ముందు చెక్కు సంగతి చూడండి, ప్రమాదం అక్కడుంది. ఖాళీ చెక్కైనా సంతకం మీదైతే బాకీ ఉందనే కోర్టు మొదట అనుకుంటుంది, లేదని చూపాల్సింది మీరే. చెక్కుకు డబ్బివ్వొద్దని బ్యాంకులో స్టాప్ పేమెంట్ పెట్టినంత మాత్రాన సెక్షన్ 138 (చెక్ బౌన్స్ కేసు) తప్పదు. చెక్కు బౌన్సయితే 30 రోజుల్లో నోటీసిస్తారు, అందినాక కట్టడానికి 15 రోజులు, ఆ పైన నెలలోపు ఫిర్యాదు. అందుకే వాళ్లు చెక్కు బ్యాంకులో వేయకముందే ఇప్పుడొచ్చిన లాయర్ నోటీసుకు జవాబు పోవాల. బాకీ ఒప్పుకోవడం లేదు, చెక్కు సెక్యూరిటీకిచ్చింది, తేదీ, మొత్తం నింపే అధికారమివ్వలేదు, డిగ్రీ వెంటనే తిరిగివ్వండి. ఈ నాలుగూ ఉండాల.

"కొంచెం టైమివ్వండి, కడతాను" అని వాట్సాప్‌లో కూడా రాయొద్దు. అది బాకీ ఒప్పుకున్నట్టే, వాళ్లు కేసు వేయడానికుండే మూడేళ్ల కాలపరిమితి కూడా మళ్లీ మొదలయ్యే వీలుంది.

జవాబు 3:
బాండులో వివాదాలు బెంగళూరు కోర్టులోనే అని ఉందేమో చూడండి. అలాంటి షరతు ఉద్యోగ ఒప్పందాల్లోనూ చెల్లుతుందని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడి కోర్టులో కేసేద్దామనుకుంటే కుదరకపోవచ్చు. అక్కణ్నుంచి సమన్లు వస్తే పోకుండా ఉండొద్దు, ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీరు లేకుండానే తీర్పు, అయిపోతుంది.

ప్రశ్న వేసినవారు:
బాండు తక్కువ స్టాంపు పేపర్ మీద రాసినారు. అందుకే చెల్లదంటున్నారు, నిజమేనా?

జవాబు 2:
కాదు. లోటు స్టాంప్ డ్యూటీ, జరిమానా కడితే ఆ బాండును కోర్టు సాక్ష్యంగా తీసుకుంటుంది. దాన్ని నమ్ముకొని జవాబు ఆలస్యం చేయొద్దు. స్పీడ్ పోస్టులో పంపి, డెలివరీ రుజువు దాచుకోండి.