అప్‌డేట్: కోడింగ్ రాకుండానే మా చీరల దుకాణానికి వెబ్‌సైట్

కోడింగ్ రాని నేను మా మంగళగిరి చేనేత చీరల దుకాణానికి వెబ్‌సైట్‌ను విక్స్‌తో చేసుకోవాలా, వర్డ్‌ప్రెస్‌తోనా (రెండూ కోడ్ రాయకుండా సైటు కట్టుకోవడానికి వీలిచ్చే సాధనాలే) అని ఇంతకుముందు అడిగాను. విక్స్‌లో కట్టిన సైటును యథాతథంగా మరో హోస్టింగ్‌కు, అంటే సైటును ఉంచే వేరే సర్వర్ సేవకు, తరలించడం కుదరదని మీలో కొందరు చెప్పినందున వర్డ్‌ప్రెస్‌నే ఎంచుకున్నాను. 2018లో వర్డ్‌ప్రెస్ 5.0 వెర్షన్‌తో వచ్చిన, పేజీని ముక్కలుగా పేర్చుకునే బ్లాక్ ఎడిటర్‌లో ఫొటోలు, ధరలు పేర్చడం సులువుగానే సాగింది. అసలు చిక్కు తెలుగు అక్షరాలతో వచ్చింది: ఆంగ్లానికి తగినట్లు రూపొందించిన థీములో (సైటు రూపాన్ని నిర్ణయించే నమూనాలో) వరుసల మధ్య ఎడం తక్కువగా ఉండటంతో, పై వరుసలోని వత్తులు కింది వరుసలోని గుడులను తాకి, శీర్షికలు చదవడానికే వీలు లేకుండా పోయాయి. స్టైల్స్ విభాగంలో లైన్ హైట్‌ను (వరుసల ఎడాన్ని నిర్ణయించే కొలతను) 1.8కి పెంచి, మండలి అనే తెలుగు ఫాంటును పెట్టాక కుదిరింది. దీనికీ కోడ్ అవసరపడలేదు. ఆన్‌లైన్ చెల్లింపులు ఇంకా పెట్టలేదు. బేరమాడకుండా కొనేవారు మాకు తక్కువే కనుక, ప్రతి చీర కిందా వాట్సాప్ లింకు ఇవ్వడమే ప్రస్తుతానికి నయమనిపిస్తోంది.