నాన్నగారి గుండెకు మూడు వైర్ల పేస్‌మేకర్: పెట్టించాలా, వద్దా?

పర్లాకిమిడి మాస్టారు:
నాన్నగారికి 68 ఏళ్లు. గుండె పంపింగ్ 28 శాతమే ఉందన్నారు. ఏడాదిగా మందులు తప్పకుండా వాడుతున్నా నాలుగు మెట్లెక్కితే ఆయాసం, రాత్రిళ్లు మూడు దిండ్లు లేనిదే నిద్ర లేదు. విశాఖలో డాక్టరుగారు సీఆర్‌టీ, అంటే మూడు వైర్ల పేస్‌మేకర్, పెట్టించమన్నారు. ఎడమ గదిలోనే రెండు చోట్ల కరెంటు కొట్టే కొత్త రకం కూడా ఉందట. ఖర్చు లక్షల్లో. ఎకరం అమ్మాలి. మీలో ఎవరింట్లోనైనా పెట్టించారా?

గుణుపూర్ ఆడపడుచు:
అమ్మకండి మాస్టారూ. 2021లో మా అమ్మకి పెట్టించాం. భూమి పోయింది, ఆయాసం పోలేదు. రెండేళ్లకి అమ్మ కూడా పోయింది.

క్యాథ్‌ల్యాబ్ తమ్ముడు:
మాస్టారూ, ముందు ఈసీజీలో క్యూఆర్‌ఎస్ ఎంతుందో చూడండి. గుండె కింది గదులంతా కరెంటు పాకడానికి పట్టే సమయం అది. ఎడమవైపు కరెంటు దారి మూసుకుపోతే, దాన్నే ఎల్‌బీబీబీ అంటారు, కుడివైపు ముందు, ఎడమ గోడ ఆలస్యంగా ముడుచుకుంటాయి. అడుగు కలవని బోయీల చేతిలో పల్లకీలా ఉంటుంది గుండె. సీఆర్‌టీలో ఒక వైరు కుడి పై గదిలో, ఒకటి కుడి కింది గదిలో పెడతాం. మూడోది సిర గుండా ఎడమ గది బయటి గోడ మీదికి పంపుతాం. అప్పుడు రెండు వైపులూ కలిసి కొట్టుకుంటాయి.

క్యూఆర్‌ఎస్ 150 మిల్లీసెకన్లు దాటి, ఎల్‌బీబీబీ కూడా ఉంటే ఫలితం బాగుంటుంది. రోగుల మీద ఈ మిషన్ పనితీరు చూసిన కేర్-హెచ్‌ఎఫ్ అనే పరీక్ష 2005లో వచ్చింది, అందులో 813 మంది ఉన్నారు. సగటున 29 నెలల్లో, మందులు మాత్రమే వాడినవాళ్లు నూటికి 30 మంది పోతే, మిషన్ కూడా ఉన్నవాళ్లు 20 మంది పోయారు. ఇది చిన్న తేడా కాదు.

అక్కా, మీ అమ్మగారి క్యూఆర్‌ఎస్ ఎంత?

గుణుపూర్ ఆడపడుచు:
నాకేం తెలుసు? ఎవరు చెప్పారు?

బరంపురం బట్టలకొట్టు:
ఆరోగ్య కార్డు మీద అవుతుందేమో ముందు కనుక్కోండి మాస్టారూ.

క్యాథ్‌ల్యాబ్ తమ్ముడు:
ఆ నంబరు తెలియకుండా పనిచేయలేదంటే ఎలా అక్కా? క్యూఆర్‌ఎస్ 130 లోపు ఉన్నవాళ్లకి పెట్టి చూసిన ఎకోసీఆర్‌టీ పరీక్షలో మరణాలు పెరిగాయి. 2013లోనే అది బయటికి వచ్చింది. మీ అమ్మగారికి అవసరం లేకుండా పెట్టారేమో.

గుణుపూర్ ఆడపడుచు:
అంటే మేం తెలివితక్కువగా పెట్టించామనా? మీరు మిషన్లు పెట్టే చోట పనిచేస్తారు, మీరలాగే అంటారు.

క్యాథ్‌ల్యాబ్ తమ్ముడు:
నాకు నెల జీతం తప్ప మిషన్‌కింత అని ఎవరూ ఇవ్వరు. ఆ మాట నాకు బాధగా ఉంది.

రాయగడ రిటైర్డ్:
ఇద్దరూ ఆగండి. మాస్టారు అడిగింది ఇది కాదు.

గుణుపూర్ ఆడపడుచు:
ఇప్పుడే పెట్టె తీసి పాత ఈసీజీ చూశాను. 162. ఎల్‌బీబీబీ అని కూడా ఉంది. ఇప్పుడు చెప్పండి.

క్యాథ్‌ల్యాబ్ తమ్ముడు:
క్షమించండి అక్కా. అమ్మగారికి పెట్టడం సరైనదే. అన్నీ కుదిరినా ముగ్గురిలో ఒకరికి దాదాపు తేడా కనిపించదు. మిషన్ చెకప్‌కి ఎన్నిసార్లు వెళ్లారు?

గుణుపూర్ ఆడపడుచు:
ఒక్కసారి. ప్యాసింజర్లో ఆ మనిషిని విశాఖ దాకా తీసుకెళ్లడం మాటలా? అయినా ముగ్గురిలో ఒకరని మీరిప్పుడు చెబుతున్నారు. ఆ రోజు ఎందుకు చెప్పలేదు?

క్యాథ్‌ల్యాబ్ తమ్ముడు:
ముందే చెబితే భయపడి చాలామంది వెనక్కి వెళ్లిపోతారు. బాగుపడే ఆ ఇద్దరు కూడా వెళ్లిపోతారు. మా దగ్గర చూశాను.

గుణుపూర్ ఆడపడుచు:
వెళ్లిపోనివ్వండి! మిషన్ మీద నాకు కోపం లేదు తమ్ముడూ. అన్నయ్య, డాక్టరు మాట్లాడుకున్నారు. అమ్మ బయట బెంచీ మీద కూర్చుంది. ఆ పొలం అమ్మ పుట్టింటివాళ్లిచ్చింది. అమ్ముతున్నామని కూడా ఆవిడకి తర్వాత తెలిసింది. గెలుపో ఓటమో తెలియదని చెబితే అమ్మ ఏమనేదో నాకు తెలుసు. అడగలేదు, అంతే.

పర్లాకిమిడి మాస్టారు:
అక్కగారి మాట చదివాక రాత్రి నాన్నగారి పక్కన కూర్చుని అంతా చెప్పాను, ముగ్గురిలో ఒకరి సంగతితో సహా. కాసేపు ఊరుకుని, “పెట్టాక చెరువు గట్టు దాకా నడుస్తానా?” అన్నారు. ఈ సోమవారం ఆయన్నే లోపలికి తీసుకెళ్తాను, ఆయనే అడుగుతారు. తమ్ముడూ, ఆ రెండు చోట్ల రకం సంగతేమిటి?

క్యాథ్‌ల్యాబ్ తమ్ముడు:
ఆ వైరుకి నాలుగు కొసలుంటాయి. వాటిలో రెండింటితో కొట్టిస్తారు. మామూలు సీఆర్‌టీతో మెరుగు కానివాళ్లకి దీంతో తప్పకుండా మెరుగవుతుందని పరీక్షల్లో తేలలేదు. బ్యాటరీ కూడా తొందరగా అయిపోతుంది. అది కావాలని మీరు పట్టుబట్టకండి. చెకప్‌లకి ఎన్ని నెలలకోసారి రావాలో మాత్రం నాన్నగారి ముందే అడగండి. ఈసీజీ జిరాక్స్ వద్దు, అసలు కాగితం తీసుకెళ్లండి.