మంచు ఎవరి పక్షం: హంతకుడిదా, పోలీసులదా?

అలిపిరి_కుర్రోడు:
షార్ట్ ఫిల్మ్‌కి కథ రాసుకుంటున్నాను. ఆర్కిటిక్‌లో ఒక పరిశోధన కేంద్రం. నెలల తరబడి పొద్దు పొడవదు. ఉన్నది పదకొండు మంది. ఒకరోజు వాళ్ళలో ఒకడు బయట మంచులో శవమై కనిపిస్తాడు. ఎప్పుడు చంపాడో తెలియకూడదని హంతకుడే శవాన్ని బయట పడేశాడు. ఇదే కథకి ఆయువుపట్టు. నిన్న ఎస్వీ యూనివర్సిటీ గేటు దగ్గర టీ తాగుతూ చెబితే ఫ్రెండ్స్ రెండు పార్టీలైపోయారు. మంచులో సాక్ష్యం చెడిపోదు కాబట్టి వాడు దొరికిపోతాడని ఒకడు, టైమే తెలియనప్పుడు ఎవణ్ణి పట్టుకుంటారని ఇంకొకడు. టీ చల్లారింది గానీ గొడవ చల్లారలేదు. మీరు తేల్చండి. నా ఓటు హంతకుడికే.

బయలు_థియేటర్:
ఆర్కిటిక్ ఎందుకు సామీ? మే నెల ఎండలో కూర్చుని రాస్తే చల్లగా ఉంటుందనా? శవాన్ని శేషాచలం అడవిలో పడేయ్, ఖర్చు కలిసొస్తుంది.

అలిపిరి_కుర్రోడు:
అడవిలో అయితే హంతకుడు బస్సెక్కి పోతాడన్నా. నా కథలో చంపినవాడూ వెతికేవాడూ ఒకే టేబుల్ మీద అన్నం తినాలి.

ఫోరెన్సిక్_పీజీ:
మీ ఫ్రెండ్స్ ఇద్దరూ సగం సగం కరెక్టే. చనిపోయిన తొలి గంటల్లో ఒళ్ళు ఎంత చల్లబడిందో చూసి టైము లెక్కేస్తారు. బయటి చలీ ఒంటి చలీ ఒకటైపోయాక ఆ లెక్కకి విలువ లేదు. శవం బిగుసుకుపోవడాన్ని బట్టి చెబుదామంటే, అది చావు వల్ల వచ్చిన బిగువో గడ్డకట్టిన బిగువో పట్టి చూస్తే తెలియదు. ఇంతవరకు హంతకుడిదే పైచేయి.

కానీ సినిమాల్లో ఒక సీన్ చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. శవాన్ని లోపలికి తెచ్చిన పది నిమిషాలకే డాక్టరు గ్లవ్స్ తొడుక్కుని కత్తి పట్టుకుంటాడు. గడ్డకట్టిన మనిషిని కోయలేమండీ. హీటరు ముందు పెడితే పైన కుళ్ళడం మొదలవుతుంది, లోపల ఇంకా ఐసే ఉంటుంది. నాలుగు డిగ్రీల దగ్గర మెల్లగా కరగనివ్వాలి. రోజులు పడుతుంది, ఒక్కోసారి వారం. ఆ వారమంతా మీ పదిమందీ పక్క గదిలో కరుగుతున్న శవంతో కాపురం చెయ్యాలి. టెన్షన్ కావాలంటే అది అక్కడుంది.

ఇంకోటి. చలికి చనిపోయేవాళ్ళలో కొందరు చివర్లో ఒళ్ళు కాలిపోతున్నట్టు అనిపించి బట్టలు విప్పేసుకుంటారు. మెదడు గడ్డకట్టి ఉబ్బితే పుర్రె అతుకులు విచ్చుకోవచ్చు. అంటే దారి తప్పి చలికి చచ్చినవాడు కూడా, ఎవరో బట్టలు ఊడదీసి తల పగలగొట్టినట్టు కనిపిస్తాడు. అసలు అది హత్యేనా అన్న అనుమానం మీ కథలో ఎక్కడుంది?

గుజ్జు_ఫ్యాక్టరీ:
నేను డాక్టర్ని కాదు. చిత్తూరు దగ్గర మామిడి ముక్కలు గడ్డకట్టించే యూనిట్‌లో నాలుగు సీజన్లు పనిచేసినాను. తమ్ముడూ, నీ కథలో మైనస్ 60 అని రాసుంటావు. ఒట్టేసి చెప్తా. ఆర్కిటిక్‌లో మన దేశపు హిమాద్రి పరిశోధన కేంద్రం ఉన్నది నార్వే వాళ్ళ స్వాల్‌బార్డ్ దీవుల్లో, న్యూ-ఓలెసున్ అనే ఊళ్ళో. 2008లో పెట్టినారు. అక్కడికి వెచ్చటి సముద్రపు నీళ్ళు వస్తాయి కాబట్టి చలికాలం చాలా రోజులు మా కోల్డ్ రూము కంటే నయం. మాది మైనస్ 18.

ఆ రూములో బాల్‌పెన్ రాయదు, పెన్సిల్‌తో రాసుకునేవాళ్ళం. ఫోను నలభై శాతం చార్జింగ్ చూపిస్తూనే ఆరిపోతుంది. బయటికొస్తే కళ్ళద్దాలు తెల్లగా పట్టేస్తాయి, తుడిస్తే మళ్ళీ పడతాయి. మొదటి వారంలోనే తడి చేత్తో ఇనుప ర్యాక్ పట్టుకున్నా. అతుక్కుంది. భయపడి లాగితే వేలి కొన తోలు ర్యాక్‌కే ఉండిపోయింది. నీళ్ళు పోసి విడిపించుకోవాలిరా వెధవా అని మేస్త్రీ తిట్టినాడు గానీ అప్పటికే లాగేసినా. పది రోజులు అన్నం స్పూనుతో తిన్నా. ఆ తోలు ముక్క మాత్రం ర్యాక్ కడిగేదాకా అట్లే ఉండింది. నీ హంతకుడు గ్లవ్స్ తీసి ఏ ఇనుము ముట్టుకున్నాడో చూడు. వేలిముద్ర ఏం ఖర్మ, వేలే దొరుకుతుంది. నా ఓటు పోలీసులకి.

బయలు_థియేటర్:
ఏసీ చెడిపోయిన హాల్లో మంచు సినిమా చూసినవాణ్ణి నేను. తెర మీద హీరో వణుకుతుంటే మేము గుండీలు విప్పుకుని టికెట్టుతో విసురుకుంటున్నాం. నా ఓటు జనరేటర్‌కి.

కోర్టు_మెట్లు:
అందరూ శవం దగ్గరే ఆగిపోయారు. పోలీసులు అంటున్నారు, ఏ పోలీసులు? 1970 జూలైలో టీ-3 అనే మంచు దీవి మీద నిజంగానే ఒకడు తుపాకీ గుండు తగిలి చనిపోయాడు. అది నేల కాదు, ఆర్కిటిక్ సముద్రంలో తేలుతూ తిరిగే మంచు దిమ్మ. దాని మీద అమెరికా వాళ్ళ పరిశోధన కేంద్రం. గొడవ ఎందుకయ్యా అంటే, ఎండుద్రాక్షతో సొంతంగా చేసుకున్న వైన్ కోసం. అది ఏ దేశపు నేలా కాదు, మరి కేసు ఏ కోర్టుది? నిందితుణ్ణి తీసుకొచ్చిన విమానం వర్జీనియాలో దిగింది కాబట్టి అక్కడ విచారించారు. కింది కోర్టు శిక్ష వేసింది. పైకోర్టులో అధికారపరిధి మీద జడ్జీలు సమానంగా చీలిపోయారు, వేరే తప్పుల వల్ల శిక్ష కొట్టేశారు. మళ్ళీ విచారించి నిర్దోషి అన్నారు. ఆ తుపాకీ ట్రిగ్గర్ నొక్కకపోయినా పేలే రకమని కూడా తేలింది.

కాబట్టి కుర్రోడా, ముందు నీ కేంద్రం నేల మీదుందో నీళ్ళ మీదుందో చెప్పు. స్వాల్‌బార్డ్ అయితే 1920 ఒప్పందం ప్రకారం నార్వేది, అక్కడి గవర్నరే పోలీసు అధికారి కూడా. తేలే మంచు అయితే పోలీసుల పక్షం అనే మాటకే అర్థం లేదు.

కాణిపాకం_పాతకాపు:
పిల్లలూ, ఇది కొత్త ప్రశ్న కాదు. 1871లో చార్లెస్ ఫ్రాన్సిస్ హాల్ అనే అమెరికన్ ఉత్తర ధ్రువానికి పొలారిస్ అనే ఓడలో బయలుదేరినాడు. అక్టోబరులో స్లెడ్జి (మంచు మీద జారే బండి) ప్రయాణం ముగించుకుని ఓడకి తిరిగొచ్చి ఒక కప్పు కాఫీ తాగినాడు. వెంటనే జబ్బు. నాకు విషం పెడుతున్నారు అని అరిచినాడు, కొన్ని రోజులు ఓడ డాక్టరుని దగ్గరికి రానియ్యలేదు. నవంబరు 8న పోయినాడు. గ్రీన్‌లాండ్‌లో పాతిపెట్టినారు. విచారణలో బ్రెయిన్ స్ట్రోక్ వచ్చి సహజంగా పోయినాడని రాసి మూసేసినారు.

97 ఏళ్ళ తర్వాత, 1968లో, సమాధి తవ్వి గోళ్ళూ వెంట్రుకలూ పరీక్షిస్తే ఏముంది? ఆఖరి రెండు వారాల్లో ఒంట్లోకి ఆర్సెనిక్ అనే విషం బాగా పోయింది. మన దగ్గరైతే దహనం చేసేస్తాము, బూడిదలో ఏం వెతుకుతావు? మంచు నూరేళ్ళు సాక్ష్యం దాచిపెట్టింది. నా ఓటు పోలీసులకే.

ఫోరెన్సిక్_పీజీ:
పెద్దాయనా, ఆ కాలంలో ఆర్సెనిక్ మందుగా కూడా వాడేవారు. ఆయనే తన దగ్గరున్న మందు వేసుకుని ఉండొచ్చు. విషం ఉందని తేలింది, ఇచ్చినవాడు తేలలేదు. డాక్టరు మీద అనుమానం అలాగే ఉండిపోయింది, అంతే.

కాణిపాకం_పాతకాపు:
అనుమానం మిగిలిందంటే మంచు వల్లే కదా నాయనా. లేకపోతే అదీ ఉండేది కాదు.

ఫోరెన్సిక్_పీజీ:
అనుమానానికి శిక్ష వెయ్యరు.

కోర్టు_మెట్లు:
వెయ్యరు. ఇది మాత్రం నేను ఒప్పుకుంటాను.

అలిపిరి_కుర్రోడు:
రాత్రంతా చదివినా. నా కథలో రెండు పెద్ద బొక్కలు కనబడ్డాయి. హంతకుడు లోపలినుంచి గడియ పెట్టుకునే సీన్ రాసుకున్నాను. స్వాల్‌బార్డ్‌లో తెల్ల ఎలుగుబంటి తరిమితే ఎవరైనా ఏ ఇంట్లోకైనా దూరేలా తలుపులకి తాళం వెయ్యరంట. రెండోది, హీరో ఫోన్ కాల్ లొకేషన్ పట్టుకుంటాడు. న్యూ-ఓలెసున్‌లో రేడియో పరికరాలకి అడ్డం రాకుండా వైఫై, బ్లూటూత్ నిషేధం, ఫోన్‌ని నమ్ముకుని కథ నడపలేను. పోయింది, మూడు పేజీలు చించేసినా.

అయితే గుజ్జన్న చెప్పిన కళ్ళద్దాలు పట్టుకున్నా. అందరూ "నేను లోపలే ఉన్నాను" అంటారు. ఒక్కడు మాత్రం తలుపు దగ్గర నిలబడి అద్దాలు తుడుస్తూనే ఉంటాడు. మొదటి పది నిమిషాల్లోనే చూపిస్తా, ఎవరూ పట్టించుకోరు. శవం కరగడానికి ఐదు రోజులు పెట్టినా. ఆ గది హీటరు ఎవరో రాత్రిళ్ళు పెంచుతుంటారు, శవం చెడిపోవాలని. ఓటు మాత్రం మార్చుకోను. దొరికేది వాడి తొందర వల్ల, మంచు వల్ల కాదు.

గుజ్జు_ఫ్యాక్టరీ:
తొందరపడి ఇనుము పట్టుకున్నది నేను కూడా. తోలు పీకింది మాత్రం చలే తమ్ముడూ.

బయలు_థియేటర్:
సరే, మంచుకి ఏం చేస్తున్నావు? థర్మాకోల్ వద్దు, ఫ్యాన్ వేస్తే లేచిపోతుంది. ఉప్పు అయితే మా మామ లారీలో తెప్పిస్తాడు. ఎన్ని బస్తాలో చెప్పు, వానలు మొదలయ్యేలోపు.