బంపర్ పగిలిందా, చిట్లిందా? అతుకు, మాటు, లప్పం అనే మాటలపై చర్చ

ప్రశ్న:

మిత్రులకు నమస్కారం. పగిలిన కారు బంపర్‌ను తక్కువ ఖర్చుతో ఎలా బాగు చేయించుకోవాలో మా కాలనీ పత్రికకు ఒక చిన్న వ్యాసం రాస్తూ రెండు మాటల దగ్గర ఆగిపోయాను. బంపర్ ‘పగిలింది’ అనాలా, ‘చిట్లింది’ అనాలా, ‘బీట వారింది’ అనాలా? బాగు చేయడాన్ని ‘అతుకు వేయడం’ అనాలా, ‘మాటు వేయడం’ అనాలా? షెడ్డులో అందరూ ‘వెల్డింగ్’ అంటున్నారు గానీ, ప్లాస్టిక్‌కు వెల్డింగ్ ఏమిటని చదివేవారు నవ్వుతారేమోనని సందేహంగా ఉంది.

జవాబు:

అయ్యా, ముందుగా ‘బీట’ను పక్కన పెట్టండి. బీటలు వారేది నేల, గోడ; నల్లరేగడి పొలమైతే నెర్రెలు విచ్చుతుంది. రెండింటిలోనూ తడి ఆరిపోవడమో, పునాది కుంగడమో, ఏదో ఒక కారణం నెమ్మదిగా పనిచేసి ఉంటుంది. బంపర్‌కు జరిగేది అది కాదు. పార్కింగులో స్తంభానికి తగలగానే క్షణంలో జరిగిపోయే నష్టానికి ‘పగలడం’, ‘చిట్లడం’, ‘విరగడం’ అనే మూడు మాటలు మనకు ఉన్నాయి, వీటిని కలగాపులగం చేయకుండా వాడితే మీ వ్యాసంలో సగం పని అయిపోయినట్టే.

చిట్లడం గాజుకూ, వెదురుకూ, చలికాలంలో పెదవికీ వాడే మాట; సన్నని గీత పడుతుంది కానీ ముక్క ఊడదు. పైనున్న రంగు మాత్రమే చిట్లి, కింద ప్లాస్టిక్ నిలిచి ఉన్న బంపర్లు ఎన్నో ఉంటాయి. అలాంటిదాన్ని పగిలిందని చెప్పి షెడ్డుకు తీసుకువెళితే, పగిలినదానికి అయ్యే ఖర్చే చెబుతారు. పగలడమంటే అటు నుంచి ఇటు దాకా తెగడం, వేలితో నొక్కితే రెండు అంచులూ విడివిడిగా కదలడం. విరగడమంటే ఒక భాగం వేరై పోవడం. బంపర్‌ను బాడీకి పట్టి ఉంచే లోపలి లాకులు, చెవుల వంటి పట్లు విరుగుతాయి. ఇవి బయటికి కనిపించవు కాబట్టి, పగులు జానెడే ఉన్నా, బంపర్ విప్పించి వెనక చూడకుండా ఏ నిర్ణయానికీ రాకూడదు. పట్లు రెండు మూడు చోట్ల విరిగి ఉంటే, ముందు భాగాన్ని ఎంత బాగా అతికినా బండి అదురుకు మళ్లీ వదులవుతుంది, అక్కడ మార్చడమే చౌక. సొట్ట సంగతి వేరు. ప్లాస్టిక్ బంపర్‌కు పగులు లేకుండా సొట్ట మాత్రమే పడితే, వేడినీళ్లు పోసి మెత్తబడ్డాక లోపలి నుంచి నెట్టితే చాలాసార్లు యథాస్థితికి వస్తుంది, పైసా ఖర్చు ఉండదు.

ఇక రెండవ ప్రశ్న. అతుకు అంటే ఉన్న రెండు అంచులనూ ఒకదానితో ఒకటి కలపడం. మాటు అంటే చిల్లి పడ్డ చోట వేరే ముక్కను కప్పి బిగించడం. ‘పాత బిందెలకు మాట్లు వేస్తాం’ అంటూ వీధుల్లో తిరిగినవారు చేసింది అదే. బట్టకైతే దాన్నే మాసిక అంటాం. లప్పం, అంటే షెడ్డువాళ్లు పుట్టీ అనే ముద్ద, ఈ రెండింటిలో ఏదీ కాదు, అది లోపాన్ని పూడ్చి కప్పిపుచ్చుతుంది తప్ప బలం ఇవ్వదు. తక్కువ ధరకు చేస్తామనే చోట జరిగేది ఎక్కువగా ఇదే: పగులు మీద పుట్టీ మెత్తి, ఇసుక కాగితంతో రుద్ది, రంగు కొట్టి ఇచ్చేస్తారు. ఇనుప రేకుకు వాడే గట్టి పుట్టీ వంగే ప్లాస్టిక్‌తో పాటు వంగలేదు కనుక, కొంతకాలానికి అదే గీత మళ్లీ పైకి తేలుతుంది. అందుచేత మీ పాఠకులకు చెప్పవలసిన మొదటి మాట, షెడ్డులో ‘బాగు చేయండి’ అనవద్దని, ‘లోపల అతుకుతారా, పైన లప్పమేనా’ అని అడగమని.

అసలైన పనిలో అతుకూ మాటూ రెండూ ఉన్నాయి. ఇప్పటి కార్ల బంపర్లు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో చేసినవి. లోపలి వైపు తిప్పి చూస్తే రెండు కోణపు గుర్తుల నడుమ పీపీ (పాలీప్రొపిలీన్), ఈపీడీఎం (దానిలో కలిపే ఒక రకం రబ్బరు) అనే అక్షరాలు అచ్చుపోసి కనిపిస్తాయి. ఈ ప్లాస్టిక్‌కు మామూలు జిగురు నిలవదు, కానీ వేడికి కరుగుతుంది. పనివాడు ముందుగా పగులు ఆగిన కొసన చిన్న రంధ్రం వేస్తాడు, అది పగులు ముందుకు పాకకుండా ఆపుతుంది. తర్వాత పగులు వెంట గాడి తీసి, అదే జాతి ప్లాస్టిక్ కడ్డీని కరిగించి నింపుతాడు, అంటే అది అక్షరాలా అతుకే. లోపలి వైపున వంకర ఉక్కు పిన్నులను ఎర్రగా కాల్చి ప్లాస్టిక్‌లోకి దించుతాడు, లేదా సన్నని ఉక్కు జాలీని కరిగించి అద్దుతాడు. అది మాటు. ఆపైన వంగే గుణమున్న పుట్టీ పలుచగా పట్టించి, ప్లాస్టిక్‌కు రంగు పట్టేలా చేసే ప్రైమర్ పూసి, రంగు, ఆ మీద క్లియర్ కోటు అనే పారదర్శకమైన పొర వేస్తాడు. ప్లాస్టిక్ ప్రైమర్ ఎగ్గొడితే రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది.

కాబట్టి ప్లాస్టిక్‌కు ‘వెల్డింగ్’ అనడంలో తప్పేమీ లేదు, రెండు అంచులూ కరిగి ఒకటవుతున్నాయి. నిజానికి సరిదిద్దవలసిన మాట వేరొకటి ఉంది. మనవాళ్లు ప్లాస్టిక్ బంపర్ దేన్నైనా ‘ఫైబర్ బంపర్’ అనేస్తారు. అసలు ఫైబర్‌గ్లాస్ వేడికి కరగదు, దానికి గాజునార గుడ్డ పరచి రెజిన్ పోయడమే మార్గం, అంటే మాటే గతి. ‘డెంటింగ్’ గురించి మీరు అడగలేదు కానీ ఒక ముచ్చట చెబుతాను. సొట్ట తీయడాన్ని మనం డెంటింగ్ అంటాం, చిల్లి పూడ్చడాన్ని ‘పంక్చర్ వేయడం’ అంటాం. రెండు చోట్లా జబ్బు పేరునే వైద్యానికి పెట్టుకున్నాం. దీన్ని తప్పుగా చూడనక్కరలేదు, వ్యాసంలో అలాగే రాయండి.

మరొక సభ్యుడి వ్యాఖ్య:

మార్పించుకునేవారి కోసం కొన్ని మాటలు. షోరూమ్ దుకాణాల్లో దొరికే అసలు భాగాన్ని ‘ఒరిజినల్’ అనీ, వేరే తయారీదారుది ‘డూప్లికేట్’ అనీ అంటారు, కొలతలు సరిగ్గా కుదిరితే డూప్లికేట్‌లో దోషమేమీ లేదు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల తుక్కు బండ్ల నుంచి విప్పిన పాత బంపర్లు కూడా దొరుకుతాయి. మీ కారు రంగుదే దొరికితే పెయింటింగ్ ఖర్చు తప్పుతుంది, అయితే రెండు బండ్లూ ఒకేలా ఎండకు వెలిసి ఉండవు కాబట్టి పగటి వెలుగులో పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. పార్కింగ్ సెన్సర్ల రంధ్రాలు, ఫాగ్ లైట్ల గూళ్లు మీ మోడల్‌వేనా అన్నది కూడా అక్కడే తేల్చుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం మిగిలింది. బీమా కాగితాల్లోని ‘డిప్రిసియేషన్’కు, అంటే భాగం పాతబడినందుకు దాని ధరలో తగ్గించే మొత్తానికి, ‘తరుగు’ అని రాస్తే, బంగారం తరుగు అనుకుంటారా?

జవాబు:

‘తరుగుదల’ అని రాయండి, ఆ ఇబ్బంది ఉండదు. దానితో పాటు లెక్క కూడా రాయండి. జీరో డిప్రిసియేషన్ (తరుగుదల తీయకుండా చెల్లించే అదనపు రక్షణ) లేని మామూలు సమగ్ర పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలకు 50 శాతం, ఫైబర్‌గ్లాస్ భాగాలకు 30 శాతం తరుగుదల తీసేస్తారు. అందుకే పైన ‘ఫైబర్’ అనే మాట దగ్గర అంత పట్టుబట్టాను. 1500 సీసీ దాకా ఉన్న కారుకు తప్పనిసరి మినహాయింపు, అంటే ప్రతి క్లెయిమ్‌లో మనమే భరించవలసిన మొత్తం, మరో 1,000 రూపాయలు, అంతకు మించితే 2,000. ఉదాహరణకు బంపర్ ధర 6,000 అనుకుంటే, చిన్న కారుకు భాగం కింద చేతికి వచ్చేది 2,000. కూలి మీద తరుగుదల ఉండదు గానీ, రంగు సామగ్రి మీద ఉంటుంది. ఆ రెండు వేల కోసం క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. మొదటి ఏడాది తర్వాత సొంత నష్టపు ప్రీమియంలో (మన బండికి జరిగే నష్టం కోసం కట్టే భాగంలో) 20 శాతంగా మొదలై, వరుసగా అయిదేళ్లు క్లెయిమ్ లేకుంటే 50 శాతానికి చేరే రాయితీ అది. జానెడు పగులుకు అతుకు వేయించుకోవడమా, క్లెయిమ్ వేయడమా అన్నది పాలసీ కాగితంలో ఆ శాతం ఎంతో చూశాకే తేల్చుకోమని రాయండి.