డి7500 నుంచి డి750కి: ఏ లెన్సులు ఉంచుకోవాలి?

ప్రశ్న:
పెళ్లి మంటపాల్లో తక్కువ వెలుతురు కోసం ఒకరు వాడిన నికాన్ డి750 కొనబోతున్నాను, అది ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా. నా డి7500 కెమెరాకి 18-140 ఎంఎం, 35 ఎంఎం ఎఫ్/1.8 (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ వెలుతురు ఎక్కువ వస్తుంది) లెన్సులు ఉన్నాయి, రెండూ డీఎక్స్, అంటే డి7500 లాంటి చిన్న సెన్సర్ కెమెరాల కోసం చేసినవి. నేలపట్టులో గూడబాతుల కోసం 200-500 కూడా ఉంది. వీటిలో ఏవి పనికొస్తాయి?

మొదటి జవాబు:
డీఎక్స్ లెన్సులు డి750కి బిగుస్తాయి. కానీ కెమెరా సెన్సర్ మధ్యభాగాన్నే వాడుకుంటుంది, 24 మెగాపిక్సెళ్లు సుమారు పదికి పడిపోతాయి. అలాంటప్పుడు ఫుల్‌ఫ్రేమ్ కొని ఏం లాభం? 18-140 అమ్మేయండి. ఇప్పుడు 35తో కనిపించే దృశ్యం డి750లో 50 ఎఫ్/1.8తో కనిపిస్తుంది, పెళ్లికూతురి వెనుక దీపాలు ఇంకా మెత్తగా కరుగుతాయి. ముందు అదే కొనండి.

రెండో జవాబు:
200-500 ఫుల్‌ఫ్రేమ్ లెన్సే. అయితే డి7500 మీద 500 దగ్గర కనిపించేది ఫుల్‌ఫ్రేమ్‌లో 750 ఎంఎం లెన్సుతో కనిపించేదానితో సమానం. డి750లో ఆ దగ్గరితనం పోతుంది, కత్తిరించుకుంటే పిక్సెళ్లు మిగలవు. పక్షుల కోసం డి7500ని అమ్మకండి, దయచేసి.

ప్రశ్న అడిగినవారు:
తలంబ్రాలప్పుడు వేదిక మొత్తం రావాలి. 50 సరిపోతుందా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
సరిపోదు. 24-120 ఎఫ్/4 చూడండి. మీ డి7500 మీద 18 అంటే ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 27, కాబట్టి 24 ఇంకా వెడల్పు. రాత్రి ముహూర్తాలకు ఫ్లాష్ తోడుండాలి.