రాత్రి చెరువులో ఆక్సిజన్ తగ్గేది తిన్నని గీతలోనా, వంపులోనా? బీకాం వాడికి క్యాలిక్యులస్ ఎక్కడ మొదలెట్టాలి?

ఉండి బీకాం:

నమస్తే అండి. మాది భీమవరం పక్కన ఉండి. చేపల, రొయ్యల చెరువులకి మేత, మినరల్స్ అమ్మే షాపు. షాపులో ఓ మూల నీళ్ళు టెస్ట్ చేసే బల్ల ఉంది, నా సరదా అంతా దాని దగ్గరే. చదివింది సీఈసీ, ఆపైన బీకాం. లెక్కలంటే నాకు డెబిట్, క్రెడిట్, జీఎస్టీ, అంతే.

ఈ పిచ్చి పట్టింది అమ్మోనియా వల్ల. రైతు సీసాలో నీళ్ళు తెస్తాడు. కిట్‌లో పొద్దున్న, మధ్యాహ్నం అమ్మోనియా ఒకటే చూపిస్తుంది. కానీ పీహెచ్ పెరిగిన మధ్యాహ్నం అదే అమ్మోనియా ప్రమాదం అంటారు. ఎందుకని ఓ కంపెనీ రిప్రజెంటేటివ్‌ని అడిగితే, "చార్టు ఇచ్చాం కదండీ, ఫాలో అయిపోండి" అన్నాడు. చార్టు గోడకి ఉంది. అది ఎక్కణ్ణుంచి పుట్టిందో కావాలి నాకు.

ఇంతవరకు ఏవి పనికొచ్చాయో, ఏవి రాలేదో రాస్తాను. నా అవస్థ తెలిస్తే మీకూ సలహా ఇవ్వడం తేలిక.

ఖాన్ అకాడమీలో లాగరిథమ్స్ చూశాను. వీడియోలు నెమ్మదిగానే ఉంటాయి, నాకది సుఖం. అసలు సరుకు మాత్రం వాటి కింద ఇచ్చే ప్రాక్టీస్ లెక్కల్లో ఉంది. తప్పు చేస్తే హింట్ ఒక్కో మెట్టుగా విప్పుతుంది. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి పక్కన కూర్చుని నవ్వుతూ ఉంటుంది, అది వేరే సంగతి.

ఫెట్ అని కొలరాడో యూనివర్సిటీ వాళ్ళ బొమ్మల ప్రయోగాలున్నాయి. నోబెల్ వచ్చిన కార్ల్ వీమన్ 2002లో మొదలెట్టాడట. అందులో పీహెచ్ స్కేల్ అని ఒకటి ఫోన్‌లోనే ఆడుతుంది. కాఫీ, పాలు, రక్తం, బ్యాటరీ యాసిడ్, ఆఖరికి వాంతి కూడా పెట్టారు! తొట్టెలో పోసి కుళాయి తిప్పి నీళ్ళు కలపాలి. పీహెచ్ ఒక్క మెట్టు జరగాలంటే దాదాపు పది రెట్లు నీళ్ళు పట్టడం కళ్ళతో చూస్తాం. లాగ్ ఏంటో నాకు బుర్రకెక్కింది అక్కడే.

దాంతో చార్టు గుట్టు కూడా తెలిసింది. 9.25 లోంచి పీహెచ్ తీసేయాలి. వచ్చినదాన్ని 10 మీద పవర్‌గా పెట్టి, 1 కలిపి, 1ని దాంతో భాగించాలి. మొత్తం అమ్మోనియాలో విషపు వాటా అదే. పీహెచ్ 8 దగ్గర 5 శాతం చిల్లర, 9 దగ్గర 36 శాతం. ఇది 25 డిగ్రీల లెక్క, నీళ్ళు వేడెక్కితే వాటా ఇంకా పెరుగుతుంది. ఆ రాత్రి చార్టులో గళ్ళన్నీ క్యాలిక్యులేటర్‌తో నేనే నింపుకుంటూ కూర్చున్నాను.

ఫైన్‌మన్ ఫిజిక్స్ పాఠాలు కాల్‌టెక్ వాళ్ళు ఉచితంగా చదువుకోమని పెట్టారు. 1961 నుంచి 63 దాకా కాలేజీ పిల్లలకి చెప్పినవి. చాలా చోట్ల నాకు మించిపోయాయి. కానీ మొదటి పాఠంలో నీటి ఉపరితలాన్ని అణువుల సైజుకి పెంచి చూపిస్తాడు. నీటి అణువులు కొన్ని గాల్లోకి ఎగురుతుంటాయి, గాల్లోని ఆక్సిజన్, నైట్రోజన్ అణువులు కొన్ని నీళ్ళలోకి దిగుతుంటాయి. పైన గాలి తీసేస్తే నీళ్ళలోంచి బయటికి పోయేవే ఎక్కువవుతాయి. రోజూ ఏరేటర్ల (చెరువు నీళ్ళని చిలికి గాలి కలిపే యంత్రాలు) విడిభాగాలు అమ్ముతున్నా, అది చేసే పని ఇదీ అని నాకెవరూ ఇంత శుభ్రంగా చెప్పలేదు.

ఎన్‌పీటెల్‌లో ఐఐటీ వాళ్ళ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ తెరిచి, వెంటనే మూసేశాను. వాళ్ళది తప్పు కాదు, అది ఇంజనీరింగ్ పిల్లల కోసం.

ఇప్పుడు అసలు ప్రశ్న. మా వైపు శీలావతి, బొచ్చె పెంచే చెరువులు చాలావాటికి ఏరేటర్లు ఉండవు. తెల్లారుజామున "చేపలు తేలిపోయాయండీ" అని ఫోన్ వస్తుంది. పగలు నాచు ఆక్సిజన్ చేస్తుంది, రాత్రి అదే నాచు, చేపలు, అడుగు బురద అన్నీ కలిసి తాగేస్తాయి. చీకటి పడ్డాక ఒక రీడింగ్, రెండు మూడు గంటలాగి ఇంకో రీడింగ్ తీసి, రెండు చుక్కల మీదుగా గీత గీస్తే తెల్లారేసరికి ఎంతకి దిగుతుందో తెలుస్తుందని ఆక్వా పుస్తకాల్లో ఉంది. నేను గీసి చూస్తే, తెల్లారి రీడింగ్ ఎప్పుడూ గీత కన్నా పైనే వస్తోంది. మీటర్ సరిగానే ఉంది. ఇది గీత కాదా? వంపైతే దాని లెక్క నేర్చుకోవడానికి నా స్థాయికి ఏది మంచిది?

కాకినాడ సెకండియర్:

బాబాయ్ గారూ, ప్రశ్న అదిరింది. మాకు ల్యాబ్‌లో ఇలాంటివి ఇస్తే ఎంత బావుండేది.

వంపే. కానీ దాని కోసం ముందే క్యాలిక్యులస్ జోలికి పోవక్కర్లేదు, ఎక్సెల్ చాలు. ఊహకి కొన్ని అంకెలు పెట్టుకుందాం. సాయంత్రం 6కి డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, 9 పీపీఎం. చెరువులో ప్రాణులన్నీ కలిసి గంటకి 0.5 తాగుతాయి. 30 డిగ్రీల దగ్గర మంచినీళ్ళు గాలితో సమానానికి వస్తే నిలిచేది సుమారు 7.5. ఈ 7.5కీ చెరువు రీడింగ్‌కీ ఉన్న తేడాలో 20వ వంతు గంటకి గాలి సరిచేస్తుంది అనుకోండి.

కొత్త రీడింగ్ = పాత రీడింగ్ + 0.05 × (7.5 − పాత రీడింగ్) − 0.5

దీన్ని కిందకి లాగండి. 9 గంటలకి 7.36, అర్ధరాత్రి 5.95, 3కి 4.75, తెల్లారి 6కి 3.71 వస్తాయి. అదే 6, 9 గంటల రీడింగులతో గీత గీస్తే తెల్లారేసరికి 2.44 అంటుంది. మీ రీడింగ్ గీత కన్నా పైన ఎందుకు ఉంటోందో తెలిసింది కదా. సాయంత్రం నీళ్ళలో 7.5 కన్నా ఎక్కువ ఉంటుంది కాబట్టి గాలిలోకే పోతుంది, అందుకే మొదట్లో దిగుడు ఎక్కువ. 7.5 కిందకి వచ్చాక గాలి తిరిగి ఇస్తుంది, అందుకే తర్వాత నిదానిస్తుంది.

ఇలా గంట గంటకీ అడుగేయడాన్ని ఆయిలర్ పద్ధతి అంటారు. ఇది ఆడుకున్నాక త్రీ బ్లూ వన్ బ్రౌన్ ఛానల్లో 2017లో వచ్చిన క్యాలిక్యులస్ సిరీస్ చూడండి. గ్రాంట్ శాండర్సన్ అనే ఆయన బొమ్మల్ని పైథాన్ ప్రోగ్రామ్‌తో కదిలిస్తాడు. ఒక్కో వీడియో రెండుసార్లు చూడాలి, మొదటిసారి ఊరికే ఆనందించడానికి. డెస్మోస్ అనే గ్రాఫులు గీసే సైటులో 0.05కి స్లైడర్ పెట్టి జరిపితే వంపు మీ కళ్ళ ముందే మారుతుంది.

అమలాపురం మేష్టారు:

పిల్లవాడు చక్కగా చెప్పాడు. నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఒకట్రెండు మాటలు కలుపుతాను.

బాబూ, ఆ పట్టికలో గంట అడుగులు తీసేసి అరగంట అడుగులు వేయండి. 0.05 బదులు 0.025, 0.5 బదులు 0.25. తెల్లారి రీడింగ్ 3.71 కాకుండా 3.76 వస్తుంది. అడుగు ఇంకా చిన్నది చేస్తూ పోతే 3.81కి దగ్గరవుతూ అక్కడ ఆగుతుంది. ఆ 3.81ని అడుగులు వేయకుండా ఒక్క వాక్యంలో రాబట్టడమే క్యాలిక్యులస్ చేసే పని. మీరు గుమ్మం దాకా వచ్చేశారు.

ఈ సమీకరణం కొత్తది కాదు, వేడి కాఫీ చల్లారేదీ ఇదే. న్యూటన్ శీతలీకరణ నియమం అని ఇంటర్ ఫిజిక్స్‌లో చెప్పేవాళ్ళం. తేడా ఎంత ఎక్కువుంటే మార్పు అంత వేగం. మీ చెరువులో దానికి తోడు గంటకి 0.5 కారిపోయే చిల్లు ఒకటుంది. ఎప్పటికైనా ఎక్కడ నిలబడుతుందో కూడా తేలిగ్గా చెప్పొచ్చు: 7.5 లోంచి, 0.5ని 0.05తో భాగించిన 10 తీసేయండి. మైనస్ 2.5. అంటే ఈ అంకెలతో ఆ చెరువు నిలబడదు, సూర్యుడు వచ్చి ఆదుకోవాల్సిందే. ఏరేటర్ వేసి 0.05ని 0.2 చేశారనుకోండి, 7.5 లోంచి 2.5 పోయి 5 దగ్గర ఎంతసేపైనా నిలుస్తుంది.

ఇక నేర్చుకోవడం. వీడియో చూస్తే అర్థమైనట్టే ఉంటుంది, చెయ్యి మాత్రం కదలదు. నా అనుభవంలో చూడటానికి పెట్టిన టైము కన్నా పెన్సిల్ పట్టిన టైము ఎక్కువుండాలి. పాల్స్ ఆన్‌లైన్ మ్యాథ్ నోట్స్ అని టెక్సస్‌లోని లామార్ యూనివర్సిటీ మేష్టారు ఒకాయన పెట్టిన సైటుంది. రంగులు, హంగులు లేవు. ప్రతి సెక్షన్ కింద లెక్కలు, వాటికి పూర్తి సాధనలు. రైస్ యూనివర్సిటీ వాళ్ళ ఓపెన్‌స్టాక్స్‌లో క్యాలిక్యులస్ పుస్తకం మొత్తం ఉచితం. అవి కాస్త ఒంటబట్టాక ఎంఐటీ ఓపెన్ కోర్స్‌వేర్‌లో ఆర్థర్ మాటక్ 2003లో సుద్దముక్కతో చెప్పిన డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ చూడండి. మొదటి కొద్ది పాఠాల్లోనే వేడి పాకడం, ద్రావణం పలచబడటం లాంటి ఈ రకం సమీకరణాలే వస్తాయి. బోర్డు మీద ఆయన రాసే తీరు చూస్తే నాకు మా రోజులు గుర్తొస్తాయి.

కాకినాడ సెకండియర్:

మేష్టారూ, వీడియో చూసి పెన్సిల్ పట్టిన వాళ్ళూ ఉంటారండి. 😄 బొమ్మ మనసులో పడకపోతే పాల్ గారి నోట్స్ రెండో పేజీకే నిద్రొస్తుంది, నాకొచ్చింది.

పాలకొల్లు ల్యాబ్:

లెక్క బాగుంది కానీ చెరువు మీ ఎక్సెల్ చదవదు కదండీ. నేను ఆక్వా ల్యాబ్‌లో పనిచేస్తాను. ఆ 0.5 అనేది రోజుకో రకం. మబ్బు పట్టిన రోజు సాయంత్రం మొదలయ్యేదే 9 కాదు, 6 ఉండొచ్చు. నాచు ఒక్కసారిగా చచ్చి నీటి రంగు మారితే కుళ్ళడానికి ఇంకా ఆక్సిజన్ పోతుంది. గాలి విసిరితే ఆ 0.05 పెరుగుతుంది, ఉక్కపోత రాత్రి తగ్గుతుంది. ఉప్పు నీళ్ళయితే 7.5 కూడా రాదు. 30 డిగ్రీల్లో 20 పీపీటీ సెలైనిటీ (లీటరుకి సుమారు 20 గ్రాముల ఉప్పు) ఉంటే 7 లోపే.

ఇంకోటి. తిన్నని గీత మామూలుగా భయపెట్టే వైపే తప్పుతుంది. రైతుకి అదే మంచిది. 2.4 వస్తుందని పంపు వేసుకున్నవాడికి 3.7 వస్తే పోయేది కాస్త డీజిలే. వంపు నమ్మి పడుకున్నవాడికి ఆ రాత్రి 0.5 కాస్తా 0.7 అయితే పోయేది పంట. షాపుకొచ్చే రైతులకి మాత్రం గీతే చెప్పండి, వంపు మీ నోట్‌బుక్కులో ఉంచుకోండి.

ఉండి బీకాం:

అందరికీ దణ్ణాలండి. ఎక్సెల్లో లాగాను. మా అమ్మాయి అరగంట పట్టిక వేసింది, 3.76 అచ్చంగా వచ్చింది. పావుగంటకి కూడా వేస్తానని కూర్చుంది, నవ్వడం మానేసింది.

ల్యాబ్ గారూ, మీరన్నది నిజం, రైతుకి గీతే చెబుతాను. కానీ నా కుతూహలం నాది. మా చెరువుకి 0.5 ఎంత, 0.05 ఎంత అని విడివిడిగా ఎలా తెలుస్తాయి? రెండూ కలిసే కదా రీడింగ్‌ని కదిపేది?

పాలకొల్లు ల్యాబ్:

నీళ్ళలోని నాచు, బ్యాక్టీరియా తాగే ఆక్సిజన్ వాటా విడిగా కొలవొచ్చు. 300 మిల్లీలీటర్ల బీవోడీ సీసాలు రెండు తీసుకోండి, గాజు బిరడా ఉండేవి. చెరువు నీళ్ళు పొంగి పొర్లేదాకా నింపి, ఒక్క గాలి బుడగ కూడా లేకుండా బిరడా వేయండి. పైన నల్ల గుడ్డ గానీ అల్యూమినియం ఫాయిల్ గానీ చుట్టి, తాడు కట్టి చెరువులోనే వేలాడదీయండి. సీసాలోకి గాలి రాదు, వెలుతురు రాదు. మొదట ఉన్న డీవోకీ కొన్ని గంటల తర్వాత ఉన్న డీవోకీ తేడా తీస్తే నీళ్ళలోని నాచు, బ్యాక్టీరియా ఎంత తాగాయో వస్తుంది. చేపలు, అడుగు బురద అందులో ఉండవు, గుర్తుంచుకోండి. మా అనుభవంలో పాత చెరువుల్లో బురద వాటా తక్కువేం కాదు.

అమలాపురం మేష్టారు:

మిగతాది లెక్కతో తీయండి. చీకటి పడ్డాక రీడింగ్ 7.5 దాటి కిందకి దిగే క్షణంలో గాలి వల్ల వచ్చేదీ, పోయేదీ సున్నా. అప్పుడు రీడింగ్ ఏ వేగంతో దిగుతోందో అదే మొత్తం తాగుడు, బురదతో చేపలతో సహా. అందులోంచి సీసా అంకె తీసేస్తే బురద, చేపల వాటా. 7.5కి అటూ ఇటూ ఓ పావుగంట దగ్గరదగ్గరగా రీడింగులు తీస్తే చాలు. ఆ క్షణంలో దిగే వేగమే డెరివేటివ్, అదేంటని మళ్ళీ ఎవరినీ అడగక్కర్లేదు.

ఉండి బీకాం:

అర్థమైందండి. మా బావమరిది చెరువు ఉంది, ఏరేటర్లు లేవు. సీసాలు భీమవరంలో దొరుకుతాయి. మబ్బు లేని సాయంత్రం చూసి కట్టి, అంకెలు ఇక్కడే పెడతాను. మీటర్ పొద్దున్నే కాలిబ్రేట్ చేయాలా, రీడింగ్‌కి ముందు చేస్తే చాలా?

పాలకొల్లు ల్యాబ్:

రీడింగ్‌కి ముందు, చెరువు గట్టు మీదే. ప్రోబ్ కొసన ఉండే పల్చటి పొర, అదే మెంబ్రేన్, దాని కింద బుడగ ఉందేమో చూసుకోండి. ఇలా మెంబ్రేన్ ఉన్న ప్రోబ్ అయితే నీళ్ళలో మెల్లగా తిప్పుతూ ఉండాలి, కదలకుండా పట్టుకుంటే తక్కువ చూపిస్తుంది.